మైసన్న మొఖానికి ఏ మట్టి

గల్ఫ్ నుంచి తిరిగొచ్చే మనిషి పెట్టెలో ఏముంటుందో ఎల్లారెడ్డి ఊరికి ఎన్నడో తెలుసు. పులిబొమ్మ కంబళి, వాడకట్టంతా తుమ్మేటంత ఘాటు అత్తరు, మోకాళ్ళకు రాసుకునే మందు, బావమరిదికి వాచీ. ఖయ్యూం ఇవేమీ తేలేదు. కార్గోలో రెండు పెద్ద డబ్బాలు తెప్పించాడు. పాలపొడి కాబోలని పక్కిళ్ళవాళ్ళు గిన్నెలతో వచ్చారు. మూత తీస్తే లోపల తెల్లని జిగురు.

"ఇది సిలికాన్," అన్నాడు ఖయ్యూం గొంతు సవరించుకుని. "ఉత్త సిలికాన్ గాదు. ప్లాటినం సిలికాన్."

గిన్నెలు వెనక్కి పోయాయి గానీ పేరు నిలిచిపోయింది. ఆనాటి నుంచి ఆయన ప్లాటినం ఖయ్యూం.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పుకోవాలి. ఆ రెండు డబ్బాల్లోని సరుకు వేర్వేరుగా ఉన్నంతకాలం జారుతూ పారుతూ హాయిగా ఉంటుంది. రెండూ కలిపారంటే, పెళ్ళయిన ఆలుమగల్లాగా, కాసేపట్లోనే బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకునే లోపల ఏదైనా బొమ్మ మీద పోసి, తర్వాత తొక్క ఒలిచినట్టు ఒలిస్తే బొమ్మ రూపమంతా రబ్బరు లోపలి వైపుకు దిగి ఉంటుంది. అదే అచ్చు. పని తెలిసినవాళ్ళు సాంచా అంటారు. అందులో పీవోపీ ప్లాస్టర్ కలిపి పోసుకుంటూ పోతే ఒకే బొమ్మ ఎన్నిసార్లయినా పుడుతుంది.

షార్జాలో పెద్దవాళ్ళ ఇళ్ళ కప్పులకు ఆకులు, తీగలు, ద్రాక్షగుత్తులు చేసే కార్ఖానాలో ఖయ్యూం ఏండ్ల తరబడి పోసేవాడిగా పనిచేశాడు. పోసేవాడంటే పోసేవాడే. మట్టితో ఆకు చెక్కేవాడు వేరు, అంచులు గీకేవాడు వేరు. చెక్కడానికి మట్టి సబ్బుబిళ్ళల్లా కాగితం చుట్టుకుని పెట్టెల్లో వచ్చేది. అదేం మట్టో, అందులో ఎవరేం కలిపారో పోసేవాడికి అక్కర్లేదు. పెళ్ళి బంతిలో పప్పు వడ్డించేవాణ్ణి కంది ఏ చేలో పండిందని ఎవరడుగుతారు?

ఇక ఆ ప్లాటినం సంగతి. సిలికాన్‌లో రెండు కులాలున్నాయి. ఒకటి తగరంతో గట్టిపడేది, ఇంకొకటి ప్లాటినంతో. తగరం రకం మొరటుది, ఏ మట్టి మీద పోసినా కిమ్మనకుండా బిగుస్తుంది. ప్లాటినం రకం నాజూకుది. కార్ఖానా మూతపడ్డ రోజున మేస్త్రీ, పోయేవాళ్ళంతా తలా ఇన్ని డబ్బాలు తీసుకుపొమ్మన్నాడు. ఖయ్యూం చెయ్యి తగరం డబ్బా దాకా పోయి ఆగింది. ఆయన తండ్రి ఎల్లారెడ్డి అంగట్లో బతుకంతా ఇత్తడి గిన్నెలకు తగరంతో కలాయి పూసినవాడు. ఇంట్లో అన్నం కూడా ఆ పొగ వాసనే వేసేది. బడిలో పిల్లలు ఈయన్ను చూసి గిన్నె రుద్దినట్టు చెయ్యి తిప్పేవాళ్ళు. "మా అబ్బాజాన్ తగరం, నేను గూడ తగరమేనా?" అనుకుని ప్లాటినం ఎత్తుకున్నాడు. మనుషులు చేసే పెద్ద తప్పుల్లో సగం, తండ్రిలాగా కాకూడదని చేసేవే. తండ్రిలాగా ఉండాలని చేసే తప్పులు వాటి ముందు చిన్నపిల్లలు.

కామారెడ్డి రోడ్డు మీద పాతబడ్డ బెల్లం షెడ్డొకటి ఖాళీగా ఉంటే అందులో దుకాణం పెట్టాడు. ఒకప్పుడు అక్కడ చెరుకు రసం కాచి బెల్లం వండేవారు. పొయ్యిలు ఆరిపోయి ఎన్నో ఏండ్లయినా గోడలింకా తియ్యగానే ఉన్నాయి. ఆ సంగతి మనుషులు మరిచారు గానీ చీమలు మరవలేదు. తరతరాలుగా అవి ఆ షెడ్డునే తాతల ఆస్తి అనుకుంటున్నాయి.

ఖయ్యూం భార్య సాలెహా. ఇంట్లో మిషను మీద చీరలకు ఫాల్ కుడుతుంది. వాళ్ళింట్లో మాటలు దక్కనీలో నడుస్తాయి. మీరు, మీరు అంటూనే తోలు ఒలిచేటట్టు తిట్టడం ఆ భాషలో ఒక కళ. ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం.

"దసరా దాకా చూస్త," అన్నది సాలెహా సూదిలో దారం ఎక్కిస్తూ. "గీ రబ్బరు పనిల ఒక్కటంటే ఒక్క సాంచా మంచిగ లేస్తే మీ దారి మీది. లేకుంటే కామారెడ్డి పోయి ఖైసర్ దుకాణంల కత్తి పట్టుండ్రి. ఆడు ఎప్పటిసంది మనిషి గావాలె, మనిషి గావాలె అంటున్నడు."

ఖైసర్ ఆమె తమ్ముడు. స్టేషను దగ్గర చికెన్ సెంటరు. మంచివాడే. కానీ ఖయ్యూంకు కోడి అంటే ఒక ఇబ్బంది ఉంది. కూరలో ఉన్నప్పుడు ఆయన అంత ప్రేమగా చూసేవాడు మండలంలో లేడు. బుట్టలో ఉన్నప్పుడు మాత్రం దాని కంట్లోకి చూడలేడు. ఆ గుండ్రటి కన్ను ఒక పక్కనుంచి మనిషిని నిలేసి అడుగుతున్నట్టు ఉంటుంది.  దసరా తర్వాత మిగిలిన బతుకంతా ఆ కంటికి జవాబు చెప్పుకుంటూ నిలబడాలని తలుచుకున్నప్పుడల్లా సిలికాన్ డబ్బాల మూతలు మరోసారి తీసి చూసుకునేవాడు.

అట్లా ఉన్నప్పుడు తాడ్వాయి నుంచి మైసన్న వచ్చాడు, వెంట భార్య నర్సవ్వను పెట్టుకుని.

మైసన్న కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. పుట్టింది కుమ్మరింట్లో. తండ్రి సారె తిప్పమంటే ఈయన స్తంభం ఎక్కాడు. మనిషి సన్నగా, పొడుగ్గా, తానే ఒక స్తంభంలా ఉంటాడు.

"ఖయ్యూం భాయ్, నా మొఖం చేస్తవా?"

"నీ మొఖానికి ఏమైంది అన్నా?"

"ఏం గాలె. గందుకే గిప్పుడే చెయ్యాలె."

అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆయనకు కావలసింది విగ్రహం. మెడ దాకా. తనదే. మూడు. ఒకటి పొలం కాడ బోరు గది మీదికి, ఒకటి ఇంటి ముందుకు, ఇంకొకటి స్పేర్. ఏ సామానుకైనా స్పేర్ ఉండాలన్నది లైన్‌మన్ ఉద్యోగం ఆయనకు నేర్పిన ఒకే ఒక వేదాంతం.

"విగ్రహం సచ్చినోళ్ళకు గద పెట్టేది?" అన్నాడు ఖయ్యూం భయంభయంగా.

"సచ్చినంక ఈనకు ఎవడు పెడ్తడు?" అన్నది నర్సవ్వ, చెంగుతో గడప మీది చీమలను దులిపి కూర్చుంటూ. "బతికున్నప్పుడే ఎవడు మొఖం జూడలే."

మైసన్న దానికి కోపం తెచ్చుకోలేదు. పైగా తల ఊపాడు. "గదే భాయ్. నేను ఊర్లల్ల తిరిగినన్నొద్దులు అందరు నన్ను కింది నుంచే చూసిండ్రు. నేను స్తంభం మీద, ఆళ్ళు కింద. కరెంటు ఎప్పుడొస్తది, కరెంటు ఎప్పుడొస్తది అని ఒర్రుడే. ఊరంత నా అరికాళ్ళు చూసింది. నా మొఖం అడుగుతే ఒక్కడు చెప్పడు. దసరాకు చుట్టాలంత వస్తరు. ఆళ్ళ ముంగట గా గది మీద నా మొఖం ఉండాలె."

మన చౌరస్తాల్లో నిలబడ్డ విగ్రహాలను చూసినవాళ్ళకు మైసన్న కోరిక అత్యాశేమీ కాదని తెలుస్తుంది. సగానికి సగం ఒకే అచ్చులో తీసిన అన్నదమ్ముల్లా ఉంటాయి. కళ్ళజోడు పెడితే ఒకరు, తీస్తే ఇంకొకరు. కింద పలకమీద పేరు రాసేది చదివేవాళ్ళ కోసం కాదు, పోలిక కుదరని శిల్పి పరువు కోసం. ఇంతమంది ముక్కూమొఖం లేకుండా నిలబడగా లేంది, ముక్కూమొఖం ఉన్న మైసన్న నిలబడితే ఏం పోయింది?

ఖయ్యూం బతుకులో ఆకులు, పూలు పోయడమే తప్ప మట్టితో మనిషి మూతి చేసినవాడు కాదు. ఆ మాట చెప్పకుండా సరేనన్నాడు. చెప్పకపోవడానికి కారణం కోడి కన్ను.

ముందు మట్టి కావాలి. బజారులో పుస్తకాల దుకాణానికి పోయి పిల్లలు ఆడుకునే రంగుల క్లే డబ్బాలన్నీ కొనుక్కొచ్చాడు. ఎండదు, పగలదు, చేతికి మెత్తగా ఉంటుంది, ఇంకేం కావాలి? షార్జాకు ఫోన్ చేస్తే మేస్త్రీ ఒక మాటన్నాడు: "మొఖం మీద పోసేముందు గోరంత మట్టి మీద చుక్క వేసి చూడు." ఖయ్యూం నవ్వాడు. ఏండ్లకేండ్లు పోసిన చెయ్యి ఇది, దీనికి పరీక్షా?

మైసన్న కుర్చీలో కూర్చున్నాడు. ఎర్ర ముక్కు, పచ్చ చెంపలు, నీలం మీసాలతో ఆయన మొఖం తయారైంది. నర్సవ్వ చూసి, "హోలీనాడు మోర్ల పడ్డట్టున్నడు," అన్నది. రంగుతో పని లేదు, రూపమే ముఖ్యమని ఖయ్యూం నచ్చజెప్పి సిలికాన్ కలిపి పోశాడు.

మరునాడు ఒలవబోతే చేతికి అంబలి వచ్చింది. బయటివైపు రబ్బరే. మొఖాన్ని తాకిన వైపంతా బంక. వేళ్ళు పెడితే వేళ్ళు, కర్ర పెడితే కర్ర, అంటుకున్నది అంటుకున్నట్టే. అంచుల్లో చీమల ఊరేగింపొకటి నిలువునా ఇరుక్కుని సమాధి అయింది.

సాలెహా వచ్చి చూసి, "ఇంట్లె గిట్లాంటిదాన్ని నేను ఉప్మా అంట," అన్నది. ఫాల్ కుట్టే పని ఉందని ఇంటి దారి పట్టింది. 

ఫోన్లో మేస్త్రీ పడిపడి నవ్వాడు. ఆ పిల్లల మట్టి మెత్తగా ఉండడానికి చాలాసార్లు గంధకం కలుపుతారట. ప్లాటినానికి గంధకం వాసన తగిలితే చాలు, మంచం మీద పరుపు మెత్తగా లేదని అలిగిన కొత్త అల్లుడి లాగా మూతి తిప్పుకుని కూర్చుంటుంది. ఎంత బతిమిలాడినా గట్టిపడదు. "తగరం డబ్బా తీసుకుపోయి ఉంటే ఈ బాధ లేదు కదరా, దానికి ఏ బురదైనా ఒకటే," అన్నాడు. ఖయ్యూం ఆ చివరి మాట సాలెహాకు చెప్పలేదు.

మసీదులో ఒక పెద్దాయన నమాజు తర్వాత పక్కకు పిలిచాడు. "ఏం ఖయ్యూం, మనుషుల మూర్తులు చేస్తున్నవంట? తప్పు గాదా?"

"చాచా, ఇంక గట్టిపడలేదు. గట్టిపడ్డంక అడుగుండ్రి."

పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, గట్టిపడని పాపం మీద ఏ తీర్పూ గుర్తుకు రాక వెళ్ళిపోయాడు.

అసలు మనిషిని మట్టితో చేశారని తురకలూ చెప్తారు, కిరస్తానీలూ చెప్తారు, మన పురాణాల్లో పార్వతమ్మ నలుగుపిండితో కొడుకునే చేసుకుంది. ఇంత చెప్పినవాళ్ళలో ఒక్కరూ ఆ మట్టి ఏ చెరువుదో, అందులో ఇసుక పాలెంతో, ముందు చిటికెడు తీసి పరీక్ష చేశారో లేదో చెప్పలేదు. లోకంలో కనబడే కొన్ని మొఖాలను చూస్తే చెయ్యలేదనే అనిపిస్తుంది.

"గంధకం లేని మట్టా?" అన్నది నర్సవ్వ. "మా చెరువు మన్ను ఉండంగ ఫికరేంటికి? దాంట్ల ఏముంటది, మన్నుంటది." మరునాడు తట్టతో మోసుకొచ్చింది. జల్లించి, నానబెట్టి, తొక్కి, వెన్నముద్దలా చేసి ఇచ్చింది. ఈసారి మొఖం నిజంగానే మొఖంలా కుదిరింది. చేతికి చల్లగా, చెప్పినట్టు వినే మట్టి.

"తడి బట్ట కప్పుండ్రి, మరువకుండ్రి," అని మరీమరీ చెప్పిపోయింది ఆమె.

కప్పారు. కానీ మైసన్న ఫ్యాన్ లేకుండా కూర్చోలేడు. బతుకంతా ఊరికి కరెంటు తెచ్చిన మనిషి, ఫ్యాన్ తిరగకపోతే తనకేదో అవమానం జరిగినట్టు భావిస్తాడు. గడ్డం సరిచేయడానికి బట్ట తీసి, ఫుల్లు స్పీడులో ఫ్యాన్ పెట్టి, ఇద్దరూ చాయ్ తాగడానికి పోయారు. హోటల్లో మాచారెడ్డి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిన కథ మొదలుపెట్టాడు మైసన్న. ఆయన కథల్లో ట్రాన్స్‌ఫార్మర్ తొందరగా కాలదు. తిరిగొచ్చేసరికి మట్టి మైసన్న నెర్రెలిచ్చిన వరిమడిలా ఉన్నాడు. ముక్కు పక్కనుంచి చెవి దాకా చీలిక. మీసం ఒకటి కింద పడింది.

"నేను సచ్చినంక గిట్లనే ఉంటనా?" అని అడిగాడు మైసన్న నిజంగానే దిగులుపడి.

నర్సవ్వ తట్ట బోర్లించి కూర్చుంది. "మా మన్ను కుండకు పుట్టింది. పొద్దుమూకె లోపల పనైపోవాలె, ఎండాలె, కాలాలె. మీరు ఇద్దరు ముసలోళ్ళు దినాలకు దినాలు మూతి సవరిచ్చుకుంట కూసుంటే అదేం జేస్తది? అది గూడ ఎంతకని ఓపిక పడ్తది?"

మాట నిజమే. ఈ పనికి ఎండని మట్టి కావాలి, గంధకం లేనిది కావాలి. పిల్లల క్లే ఎండదు గానీ గంధకం ఉంది. చెరువు మన్నులో ఆ బాధ లేదు గానీ ఎండుతుంది. మేస్త్రీని అడిగితే ఇంట్లోనే చేసుకునే ఉపాయం చెప్పాడు: మైనం కరిగించి, అందులో నూనె కలిపి, మెత్తటి సుద్దపొడి పోసి పిసుకు. నీళ్ళుండవు కాబట్టి ఎండదు.

ఏ నూనె అని ఖయ్యూం అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు.

ఇక్కడే బెల్లం షెడ్డు తన పని తాను చేసింది. చీమలు మైనాన్నీ వదలవు, నూనెనూ వదలవు. ఈ ప్రాంతంలో చీమకైనా, చెదకైనా, వంకాయ తోటలో పురుగుకైనా, పిల్లల తలలో పేనుకైనా మందు ఒకటే. వేపనూనె. మట్టికి నూనె కావాలి, చీమలకు మందు కావాలి. ఒకే సీసాలో రెండు పనులు! ఖయ్యూంకు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. షెడ్డులో ఉన్న వేపనూనె మొత్తం మైనంలో కుమ్మరించాడు. ముద్ద అద్భుతంగా వచ్చింది. చీమ దగ్గరికి రాలేదు. సాలెహా కూడా రాలేదు, ఆ కంపుకు.

మూడోసారి మైసన్న మొఖం లేచింది. అంతా అయ్యాక మైసన్న దాని చుట్టూ తిరిగి ఎడమ చెవి దగ్గర ఆగాడు.

"భాయ్, గాటు ఏది?"

"ఏం గాటు అన్నా?"

"నా చెవికి. తీగ తెగి కొట్టింది. అండ్లనే నా సర్వీసంత ఉన్నది. గది లేకుంటే అది నేను గాదు."

చెవి పీకి కొత్తగా చేయాలి. ముద్ద అయిపోయింది, వేపనూనె సీసా ఖాళీ. ఖయ్యూం ఇంటికి పరిగెత్తి, గూట్లో సాలెహా తలకు పెట్టుకునే ఆముదం సీసా కనబడితే ఎత్తుకొచ్చాడు. ఇంత మైనం, ఇంత సుద్ద, ఆముదం కలిపి చిన్న ముద్ద చేసి, గాటుతో సహా చెవి పెట్టాడు. చుక్క పరీక్ష సంగతి ఈసారి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది గానీ, వేపకు గంధకం ఏంటికుంటది, అది చెట్టు కదా అనుకుని పోసేశాడు.

మరునాడు ఒలిచేటప్పుడు నలుగురూ ఉన్నారు. నుదురు బంక. ముక్కు బంక. మీసాల దగ్గర బంక తీగలు తీగలుగా సాగింది. ఖయ్యూం ఒక్కో చోట వేలు పెట్టి చూసి, డబ్బాల ముందు కూర్చుని అడుగు తడిమాడు. డబ్బాలు గీకి గీకి తీస్తే ఇంకొక్క మొఖానికి మాత్రం సరిపోతుంది. ఆకాశంలో దసరా మబ్బులు తేలికపడుతున్నాయి. ఖైసర్ తెల్ల ఆప్రాన్ ఒకటి ఇప్పటికే పంపించాడు. సాలెహా దానికి బొత్తాం కుట్టి తలుపు వెనక తగిలించింది.

"ఇగ లేవుండ్రి," అన్నది ఆమె నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

అప్పుడు నర్సవ్వ ఆ బంక ముద్దను అటూఇటూ తిప్పి, ఎడమ పక్క వేలితో గోకింది. గోకితే రాలేదు. పట్టి లాగింది. పుటుక్కున ఒలుచుకుని వచ్చింది. లోపల అంత బంక మధ్యన ఒక చెవి. మడతలు, తమ్మె, వెంట్రుకంత గీతలు, గాటు, అన్నీ గాజులో చెక్కినట్టు. చేతికి అంటుకోని, శుభ్రమైన, బిగువైన అచ్చు.

"గిది మా ఆయన చెవే," అన్నది ఆమె వెలుతురుకు ఎత్తి పట్టి. "పెండ్లయినకాడికెల్లి నా మాట ఇనని చెవు."

ఖయ్యూం దాన్ని లాక్కున్నాడు. చెవి దగ్గర ఏం వేరు? మైనం అదే. సుద్ద అదే. చెయ్యి అదే. "నూనె," అన్నాడు. "నూనె ఒక్కటే వేరు."

"ఏ నూనె?" అన్నది సాలెహా. జవాబు చెప్పకముందే ఆమెకు అర్థమైంది. "నా ఆముదం! గూట్లె ఎలుక పడగొట్టిందనుకున్న!"

నర్సవ్వ వేపనూనె సీసా మూత తీసి వాసన చూసి మొఖం చిట్లించింది. "ఎల్లిగడ్డ కుళ్ళినట్టు లేదా? గంధకం ఎట్లుంటదో నాకు తెల్వది గానీ, గింత కంపు ఊకెనే వస్తదా?"

చదువుకున్నవాళ్ళను అడిగితే వేపనూనె కంపులో గంధకపు జాతి ఉందనే చెప్తారు. చీమను తరిమేది ప్లాటినాన్ని కూడా తరుముతుంది. ఈ ఇద్దరు అల్లుళ్ళనూ ఒకే ఇంట్లో ఉంచలేం.

ఖయ్యూం బతుకులో మొదటిసారి ఆ రోజు పరీక్ష చేశాడు. గూన పెంకు మీద, పాత బొమ్మ నుంచి గీకిన గోరంత వేప ముద్ద, గోరంత ఆముదం ముద్ద పక్కపక్కన పెట్టి చుక్క చుక్క పోశాడు. పోసి ఇంటికి పోలేదు. చంటిపిల్లకు జ్వరం చూసినట్టు పక్కనే కూర్చున్నాడు. సాలెహా అన్నం డబ్బా తెచ్చి అక్కడే పెట్టింది. ఆముదం మీది చుక్క గోరుతో నొక్కితే తిరిగి లేచింది. వేప మీది చుక్క వేలికి అంటి దారంలా సాగింది.

ఇంకొకసారి మైసన్న కూర్చున్నాడు. ఈసారి సాలెహా తానే ఆముదం సీసాలు తెచ్చింది. ముద్ద పిసకడం నర్సవ్వ. కుమ్మరి చెయ్యి కదా, ఎండని మట్టిని చూసి మొదట అనుమానించి, తర్వాత వదలలేదు. చీమల కోసం బల్ల కాళ్ళకింద నీళ్ళ పళ్ళాలు పెట్టారు. అంత చిన్న ఉపాయం ముందే ఎవరికీ ఎందుకు తట్టలేదో చీమలకే తెలియాలి.

"ముక్కు గంత తిన్నగ లేదు," అంటున్నది నర్సవ్వ ఖయ్యూం భుజం మీదుగా చూస్తూ. "జర ఎడమకు ఒంచు. కింది పెదివి గింత ముందుకు. ఇంక. ఇంక. అబద్ధమాడేటప్పుడు ఎట్లుంటదో గట్ల."

"నేనెప్పుడు ఆడిన?" అన్నాడు మైసన్న.

"అగో, గట్లనే! కదలకు!"

ఆ క్షణాన్నే ఖయ్యూం పట్టుకున్నాడు. ఆకులూ పూలూ కోపం తెచ్చుకోవు. మనిషి మొఖం ఎదుటిమనిషి అన్నదానికి తిరగబడ్డప్పుడే మొఖమవుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది.

డబ్బాల అడుగు గీకి పోశారు. బిగిసే దాకా నలుగురూ పక్కనే కూర్చున్నారు. ఫ్యాన్‌ను మైసన్న తన చేత్తోనే ఆపాడు. ఒలిచే వేళకు ఖయ్యూం అంచు పట్టి పట్టి వదులుతుంటే సాలెహా ఆయన్ను పక్కకు జరిపింది. గాజులు పైకి తోసుకుని, అంచు పట్టుకుని, దోసె తిప్పినట్టు ఒక్క పెట్టున కాక, పసిబిడ్డ మీంచి తడి గుడ్డ తీసినట్టు నిదానంగా ఒలిచింది. గడ్డం వచ్చింది. పెదవి వచ్చింది. ముక్కు వంకర వంకరగానే వచ్చింది. చివరికి మొత్తం తొక్క ఆమె చేతిలోకి వచ్చేసింది. వేలు పెట్టి తుడిచింది. వేలికి ఏమీ అంటలేదు.

ఆమె ఆ వేలిని ఖయ్యూం కళ్ళ ముందు పెట్టింది. ఆయన ఆ వేలిని చూసి ఏడ్చాడు. వేపనూనె ఘాటు ఇంకా పోలేదని చెప్పాడు.

పీవోపీ పోసి తీశాక మైసన్న ఆ తెల్లటి మొఖం చెవి మీది గాటును వేలితో తడిమాడు. తర్వాత నేలమీద చతికిలబడి కింది నుంచి పైకి చూశాడు.

"గీ మనిషిని నేను స్తంభం కింద నిలవడి చూసుంటే," అన్నాడు, "నేను గూడ తిడుదును."

"మంచిగున్నదా, బాగలేదా? గది చెప్పు," అన్నది నర్సవ్వ.

"నా లెక్కనే ఉన్నది."

"నేను అడిగింది గది గాదు." ఆమె విగ్రహం బుగ్గ మీద అరచెయ్యి పెట్టి చూసింది. "ఇది మంచిగున్నది. మాట్లాడది. దీన్ని ఇంట్లె పెట్టి నిన్ను బోరు గది మీద పెడుదాం."

స్పేర్లు తర్వాత పోసి పంపిస్తానన్నాడు ఖయ్యూం. సాంచా చేతికి వచ్చాక ఎన్నయినా పుడతాయి. మొదటిదాన్ని మాత్రం మైసన్న అప్పుడే తీసుకుపోతానన్నాడు. తువాల చుట్టి, మోపెడ్ మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టారు. లింగంపేట దాటాక ఒక కానిస్టేబుల్ ట్రిపుల్ రైడింగని ఆపాడట. తువాల విప్పి చూపిస్తే ముందు కూర్చున్నవాడినీ మధ్యన ఉన్నవాడినీ మార్చి మార్చి చూసి, ఇద్దరికీ హెల్మెట్ లేదన్నాడట. ఈ మాట మైసన్నది కాబట్టి సగం తగ్గించుకుని నమ్మాలి.

వాళ్ళు పోయాక షెడ్డులో సాలెహా నేల ఊడుస్తుండగా ఆమె ఫోన్ మోగింది. ఖైసర్. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కింది. వెనక కోళ్ళ గోల వినబడుతోంది.

"అక్కా, పండుగ గిరాకీ మొదలైంది. బావను రేపు పొద్దుగాల్ల తోలుతవా?"

ఖయ్యూం మైనం గిన్నె మీద వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

సాలెహా చీపురు గోడకానించి, ఆయన వైపు ఒకసారి చూసింది. మోచేతుల దాకా సుద్ద, జిడ్డు.

"రాడు," అన్నది. "చేతులకు ఆముదం పూసుకున్నడు. కత్తి జారుతది."